మోటారు రిమోట్‌ని తొట్టిలో (స్టాండులో) పెట్టి చార్జ్ చేసేదానికి కాంటాక్టులు, తిరుపతి చుట్టుపక్కల యాడ దొరుకుతాయి?

పాకాల_తోట:

అందరికీ నమస్తే. కొంచిం పొడుగుంటాది, ఓపిగ్గా చదవండి, దీని కోసం మూడు వారాల నుంచి తిరగతా ఉండా.

మాది పాకాల దగ్గర పల్లె. నేను తిరుపతిలో పని చేసుకుంటా రూములో ఉంటా, ఆదివారం ఆదివారం ఇంటికి పోయొస్తా. మా నాయనకి బోరు మోటారు ఆన్ ఆఫ్ చేసే రిమోట్ ఒకటి నేనే చేసిచ్చినా. చేతిలో పట్టే సైజు, రెండు పెద్ద బటన్లు, మూడు ఎల్ఈడీలు, లోపల 3.3 వోల్టుల ప్రో మినీ (చిన్న ఆర్డుయినో బోర్డు), 866 మెగాహెర్ట్జ్ లోరా మాడ్యూల్ (దూరం పోయే రేడియో), ఒక 18650 లిథియం సెల్లు, టీపీ4056 చార్జింగ్ బోర్డు. బోరు కాడ స్టార్టర్ పెట్టెలో ఇంకో లోరా, రెండు రిలేలు. ఇంటి నుంచి బోరు ముక్కాలు కిలోమీటరు, నడుమ అంతా మామిడి చెట్లే, అయినా సిగ్నల్ బాగా పోతాంది. సిమ్ కార్డుతో నడిచే స్టార్టర్లు ఉండాయి కదా అంటారేమో, మా బోరు కాడ టవర్ అందదు, అందుకే లోరాకి పోయినా.

రిమోట్ బాగా పని చేస్తాంది. సమస్యంతా చార్జింగే. నాయన చేతులు ఎప్పుడూ తడి, లేకుంటే బురద. మైక్రో యూఎస్‌బీ పోర్టు మొదట మట్టి పట్టి పోయింది, మార్చినా. రెండో తూరి పిన్ను తిరగేసి దూర్చబోతే పోర్టు ప్యాడ్లతో (సోల్డర్ చేసే రాగి బిళ్ళలతో) సహా బోర్డు మీద నుంచి లేచొచ్చేసింది. ఆయనకి చత్వారం, రాత్రి పూట ఆ సన్న కన్నంలో పిన్ను యా వైపు పెట్టాలో కనపడదు, పోయిందని నాకు ఫోన్ చేసి కూడా చెప్పడు, గమ్మున టార్చిలైటు ఎత్తుకొని బోరు కాడికి నడిచి పోతాడు. పోయిన నెల అట్ల పోతా కాలవ గట్టు మీద జారి మోకాలు వాచింది. అది కూడా అమ్మ చెప్తేనే తెలిసింది. రిమోట్ చేసిచ్చిందే ఆ నడక తప్పించాలని, అది గూట్లో పడుంటే ఇంక చేసి ఏం లాభం అని అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు.

నాకు కావాల్సింది పాత కార్డ్‌లెస్ ల్యాండ్‌లైన్ ఫోన్ల మాదిరి. తొట్టిలో పెట్టేస్తే చాలు, చార్జ్ ఎక్కుతాది, ఎత్తుకుంటే ఆగుతాది. తిరుపతిలో నాలుగైదు అంగళ్ళు తిరిగినా. చార్జింగ్ కాంటాక్టులు అంటే ఒకాయన ఫోన్లకి వేసే చార్జింగ్ పోర్టు చేతిలో పెట్టినాడు, ఇంకొకాయన టార్చిలైటు సెల్లుల కింద ఉండే స్ప్రింగులు ఇచ్చినాడు. ఆన్‌లైన్‌లో వెతికితే పోగో పిన్నులు (లోపల స్ప్రింగ్ ఉండే పిన్నులు) అంట, వందల రకాలు. పీ75 అని చవగ్గా వచ్చే వంద పిన్నుల ప్యాకెట్ తెప్పించినా, వచ్చినాక చూస్తే కొనలు సూదుల మాదిరి ఉండాయి, సోల్డర్ చేసేదానికి తోక కూడా లేదు, ఒట్టి గొట్టం. రెండు సోల్డర్ చేస్తే స్ప్రింగ్ బిగుసుకుపోయింది.

ఇవి పనికొస్తాయా, వేరేవి తీసుకోవాలా? తీసుకుంటే యాడ? రిమోట్ వైపు ఏం పెట్టాలి, తొట్టి వైపు ఏం పెట్టాలి? దీన్ని నిజంగా చేసి వాడినోళ్ళు చెప్తే చానా సాయం.


రేణిగుంట_టెస్ట్‌బెంచ్:

తమ్ముడూ, నేను బోర్డులు టెస్ట్ చేసే లైన్లో పని చేస్తాను, రోజంతా ఈ పిన్నులతోనే నా బతుకు, కాబట్టి పీ75 సంగతి నాకు బాగా తెలుసు.

పీ75 చార్జింగ్ కోసం చేసింది కాదు. అది టెస్ట్ ప్రోబ్. మా దగ్గర ఫిక్చర్‌లో ఇట్లాంటివి వరసగా నిలబెట్టి ఉంటాయి, బోర్డుని పైనుంచి అదిమితే ఒక్కో పిన్ను ఒక్కో టెస్ట్ పాయింట్‌ని తాకుతుంది. సోల్డర్ మీద ఉండే సన్న పొరని, ఫ్లక్స్ మరకని పొడుచుకొని లోపలికి పోవాలనే కొన సూదిలా పెడతారు. రోజూ చార్జింగ్‌కి అదే వాడితే నీ రిమోట్ ప్యాడ్లని గీకి గీకి పెట్టేస్తుంది. ఇదే సైజులో గుండ్రటి తల వచ్చేవి కూడా ఉంటాయి, కొనేటప్పుడు ఫొటోలో కొన చూసి తీసుకోవాలి. తోక లేకపోవడం కూడా తప్పు కాదు, అవి ఆర్75 అనే తొడుగులో దూర్చి వాడేవి, వైరు ఆ తొడుగుకి సోల్డర్ చేస్తాం, పిన్ను అరిగిపోతే లాగేసి కొత్తది దూరుస్తాం. నువ్వు నేరుగా గొట్టానికే సోల్డర్ పెట్టినావు, వేడికి స్ప్రింగ్ మెత్తబడి ఉంటుంది, లేదా ఫ్లక్స్ లోపలికి పాకి గడ్డ కట్టి ఉంటుంది. రెండూ జరిగేవే.

ఇప్పుడు అసలు మాట. చాలామంది పిన్ను దొరికిందా లేదా అని చూస్తారు గానీ స్ప్రింగ్ బలం లెక్క వేసుకోరు. పీ75 పిన్నుని మూడింట రెండొంతులు నొక్కాలంటే ఇంచుమించు 100 గ్రాముల బలం కావాలి. మూడు పిన్నులు పెడితే 300 గ్రాములు. నీ రిమోట్ బరువెంత? 18650 సెల్లు 45 గ్రాములు ఉంటుంది, డబ్బా అదీ కలిపి నూటపాతిక నూటయాభై అనుకో. అంటే రిమోట్ తొట్టిలో కూర్చోదు, పిన్నుల మీద తేలుతుంది. నాన్న పెట్టేసి పోతారు, లైటు ఒకసారి వెలుగుతుంది, పొద్దున చూస్తే చార్జ్ ఉండదు. కాబట్టి అదిమి పట్టేది ఏదో ఒకటి కావాలి, లేకుంటే చానా మెత్తని స్ప్రింగ్ కావాలి. కార్డ్‌లెస్ ఫోన్ తొట్లలో పిన్నులు ఉండవు, మెత్తటి రేకు పట్టీలు ఉంటాయి, అది అందుకే.

ఇంకోటి. కదిలే భాగం ఏదైనా సరే తొట్టిలోనే పెట్టు, రిమోట్ వైపు ఒట్టి చదునైన ప్యాడ్లే ఉండాలి. పోగో పిన్నులో గొట్టానికీ కడ్డీకీ నడుమ సందు ఉంటుంది, బురద నీళ్ళు అందులోకి పోతే ఇంక తీయలేవు. తొట్టి ఇంట్లో గోడకి ఉంటుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు, పాడైనా అదొక్కటే మార్చుకోవచ్చు.

రిమోట్ ప్యాడ్లు పీసీబీతో (సర్క్యూట్ బోర్డుతో) చేయిస్తే బంగారు పూత అడుగు, ఎనిగ్ అంటారు. కింద నికెల్ పొర, పైన చాలా పలచగా బంగారం, 0.05 నుంచి 0.1 మైక్రాన్ లెక్కలో ఉంటుంది. పలచనే గానీ నీలాంటి వాడకానికి ఏళ్ళు వస్తుంది. మామూలు తగరం పూత తీసుకుంటే కొన్నాళ్ళకి మబ్బు పడుతుంది.


తిరుపతి_కోడర్:

బ్రో ఇంత కష్టం ఎందుకు, స్మార్ట్‌వాచ్ చార్జర్ కేబుల్ తీసుకో. రెండు పిన్నుల మ్యాగ్నెట్ కేబుల్, చవక, ప్రతి ఫోన్ అంగట్లో ఉంటాయి. అయస్కాంతమే లాక్కొని కూర్చుంటుంది కాబట్టి రేణిగుంట అక్క చెప్పిన బరువు సమస్య కూడా లేదు. చూసి కొనాల్సింది ఒక్కటే, పిన్నుల మధ్య దూరం. 2.84 మి.మీ., 4 మి.మీ., 7.62 మి.మీ. అని మూడు రకాలు ఎక్కువ దొరుకుతాయి, 7.62 తీసుకుంటే చేత్తో చేసేటోళ్ళకి సులువు. దానికి సరిపోయే రెండో సగం కనెక్టర్ అయస్కాంతాలతో సహా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నేను చేసిన గేమ్ కన్సోల్‌కి అదే పెట్టినా, ఏడాదైంది, ఏ ఇబ్బందీ లేదు.


పుంగనూరు_ఎర్రనేల:

పైన చెప్పింది ఇంట్లో వాడే వస్తువుకి బాగుంటాది, తోటకి పోయే వస్తువుకి మాత్రం వద్దు. నేను చేసి అనుభవించినా కాబట్టి చెప్తా ఉండా.

నేను నేల తేమ చూసే మీటరు ఒకటి చేసుకున్నా, టమాటా తోటలో వాడేదానికి, దానికి ఇదే మ్యాగ్నెట్ కనెక్టర్ పెట్టినా. మొదటి వారంలోనే చూస్తే కనెక్టర్ చుట్టూ నల్లగా మీసాల మాదిరి పేరుకొనుండాది. తుడిస్తే పోదు. అది ఏందంటే మన మట్టిలో ఉండే ఇనప రజను. వాన పడినాక కాలవ పక్కన నల్ల ఇసక చారలు కట్టి ఉంటాయి చూడు, చిన్నప్పుడు స్పీకర్ అయస్కాంతం ఏసి లాగి ఆడుకునేవాళ్ళం, అదే. చేను గట్టు మీద ఒక్క తూరి పెట్టినా పట్టేస్తాది, నీళ్ళతో కడిగినా పోదు, టేపు అంటించి లాగాల. కనెక్టర్‌లో రెండు పిన్నులకి నడుమ ఉండేది రెండు మూడు మిల్లీమీటర్లు, ఆ రజను అట్లనే నిలబడి రెంటికీ వంతెన కడతాది. నాది చార్జర్‌కి తగిలిచ్చినప్పుడు ఒక తూరి చిటపటమని ఆడ ప్లాస్టిక్ కరిగింది.

అంతకన్నా పెద్దది ఇంకోటుంది. నేను కనెక్టర్ నుంచి నేరుగా సెల్లుకే కలిపినా, చార్జర్ బోర్డు బయట పెట్టుకుంటే మీటరు చిన్నదైతాది కదా అని. అది చానా తప్పు. అంటే బయట కనపడే ఆ రెండు పిన్నుల మీద ఎప్పుడూ 4 వోల్టులు ఉంటాయి, తడి చేత్తో పట్టుకున్నా, మంచు పడినా కరెంటు పారతానే ఉంటాది, ప్లస్ పిన్ను మీద బంగారం లేచిపోయి రాగి పచ్చగా చిలుం పట్టి ఆరు నెలలకే కరిగిపోయింది. మైనస్ పిన్ను కొత్తదాని మాదిరే ఉండాది.

అయస్కాంతం కావాలంటే తొట్టిలో పెట్టు, రిమోట్‌లో ఒట్టి ఇనప వాషర్ పెట్టు. వాషర్‌కి రజను పట్టదు. ఇంకొకటి, అయస్కాంతం పక్కన సోల్డర్ పెట్టొద్దు, మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటాది, సోల్డర్ గన్ను 350 మీద ఉంటాది.


పాత_ఫోన్ల_రిపేరు:

నేను గాంధీ రోడ్డు తట్టు ఇరవై ఏళ్ళకి పైగా ఫోన్లు రిపేరు చేస్తా ఉండా. నువ్వు అంగళ్ళలో అడిగిన మాట వేరే అయిపోయింది, అందుకే దొరకలేదు. చార్జింగ్ కాంటాక్ట్ అంటే మా వాళ్ళకి చార్జింగ్ జాక్ అనే వినపడతాది. నువ్వు బ్యాటరీ కనెక్టర్ అని అడగాల.

పాత బటన్ ఫోన్లు గుర్తుండాయా, బీఎల్5సీ బ్యాటరీ వేసేవి. ఆ బ్యాటరీని అట్ల పెట్టి నొక్కితే ఫోన్‌లో ఉండే మూడు స్ప్రింగ్ పట్టీలు తాకతాయి. ఆ మూడు పట్టీల కనెక్టర్ బంగారు పూతతో ఉంటాది, మెత్తగా నొక్కుకుంటాది, వేల తూర్లు బ్యాటరీ తీసి పెట్టినా పాడు కాలేదు. రిపేరు అంగళ్ళలో చచ్చిపోయిన బటన్ ఫోన్లు డబ్బాల కొద్దీ పడి ఉంటాయి, బోర్డు అడిగితే ఊరికే అన్నా ఇస్తారు. హాట్ ఎయిర్‌తో తీస్తే నీట్‌గా వచ్చేస్తాది, సోల్డర్ గన్నుతో పీకితే దాని ప్లాస్టిక్ కరిగిపోతాది, కాబట్టి రిపేరాయన తోనే తీయించుకో. ఒక్కటే ఇబ్బంది, పట్టీలు చానా దగ్గర దగ్గరగా ఉంటాయి, రిమోట్ తొట్టిలో కొంచిం పక్కకి జరిగినా ప్లస్ పోయి మైనస్ మీద కూర్చుంటాది. తొట్టి కొలత బాగా కుదిరితేనే దీని జోలికి పో.

నీ పనికి నన్నడిగితే గుజిరీ అంగడికి పో. ల్యాండ్‌లైన్లు తీసేసినప్పుడు కార్డ్‌లెస్ ఫోన్లు నిండా గుజిరీకే వచ్చినాయి, ఇప్పటికీ తొట్లు పడి ఉంటాయి. ఒక తొట్టికి రెండు పట్టీలు వస్తాయి. స్క్రూ విప్పితే పట్టీ, దాని కింద వైరు, అంతే. పట్టీలు మాత్రమే తీసుకో, దాంతో పాటు వచ్చే అడాప్టర్ మాత్రం వాడొద్దు, అవి ఒక్కోటి ఒక్కో వోల్టేజ్, 9 వోల్టులవి కూడా ఉంటాయి, టీపీ4056 కి 8 వోల్టులే హద్దు. మామూలు ఫోన్ చార్జర్ 5 వోల్టులది పెట్టుకో. టార్చిలైటు స్ప్రింగులు వద్దు, అది ఉక్కు తీగ, తుప్పు పడతాది, రెండు వానాకాలాలు కూడా రాదు.

రిమోట్ వైపు పీసీబీ కూడా అక్కర్లేదు. ఎం3 ఇత్తడి స్క్రూలు, నికెల్ పూత ఉండేవి, తల బయటికి, నట్టు లోపలికి. లోపల నట్టు కింద రింగ్ లగ్గు పెట్టి వైరు బిగిస్తే సోల్డర్ అవసరమే లేదు. స్క్రూ చుట్టూ రవ్వంత ఆరల్డైట్ పూస్తే నీళ్ళు కూడా లోపలికి పోవు. స్టెయిన్‌లెస్ స్క్రూలు మెరుస్తా ఉంటాయి గానీ వాటి మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటాది, మెత్తటి పట్టీ ఆనితే ఒక్కో తూరి కరెంటు సరిగ్గా దొరకదు. చిన్న కరెంటుకి నడస్తాది కానీ ఇత్తడి మేలు.


పాకాల_తోట:

అన్నా, అక్కా, పుంగనూరన్నా, ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. ఇనప రజను సంగతి నాకు తట్టనే తట్టలేదు, మాది కూడా ఎర్ర నేలే. నేను మ్యాగ్నెట్ కేబుల్ కార్ట్‌లో పెట్టి ఉన్నా, తీసేసినా.

రెండు డౌట్లు. ఒకటి, నాయన రిమోట్‌ని తలకిందులుగా పెడితే ప్లస్ మైనస్ మారిపోతాయి కదా, దానికేం చేయాలి, డయోడ్ బ్రిడ్జ్ (ఎట్ల పెట్టినా ప్లస్ మైనస్ సరిచేసే నాలుగు డయోడ్లు) వేసేదా? రెండు, తొట్టిలో పట్టీల మీద ఎప్పుడూ 5 వోల్టులు ఉంటాయి, అమ్మ తాళం చెవుల గుత్తి అదే గూట్లో పెడతాది, షార్ట్ అయితే?


రేణిగుంట_టెస్ట్‌బెంచ్:

బ్రిడ్జ్ వద్దు. రెండు డయోడ్లు దాటాలి, షాట్కీ (వోల్టేజ్ తక్కువ పోగొట్టే డయోడ్) వేసినా మొత్తం 0.6 వోల్టు దాకా పోతుంది, 5 కాస్తా 4.4 అవుతుంది, పైగా వైరులో ఇంకొంచెం పోతుంది. సెల్లు 4.2 దాకా నిండాలంటే మిగిలేది చాలదు.

మూడు కాంటాక్టులు పెట్టు. నడుమది ప్లస్, అటూ ఇటూ రెండూ మైనస్. ఎట్ల తిప్పి పెట్టినా నడుమది నడుమనే ఉంటుంది, మైనస్ ఏదో ఒక పక్క దొరుకుతుంది. ఒక పక్క మట్టి పట్టినా రెండోది ఉంటుంది, అది ఇంకో లాభం.

ప్లస్ దారిలో రిమోట్ లోపల ఒక్క షాట్కీ డయోడ్ వెయ్యి, 1ఎన్5819 చాలు. టీపీ4056 సెల్లు నుంచి వెనక్కి వదిలేది నిజానికి చాలా తక్కువ, అయినా డయోడ్ ఉంటే బయట స్క్రూల మీద ఏమీ లేనట్టే, పుంగనూరు ఆయనకి అయినట్టు చిలుం పట్టదు, ఎవరైనా తప్పు చార్జర్ ఉల్టా తగిలించినా బోర్డు బతుకుతుంది.

చార్జింగ్ కరెంటు కూడా తగ్గించు, ఇది మర్చిపోవద్దు. ఆ బోర్డు మీద 122 అని రాసుండే సన్న రెసిస్టర్ ఒకటి ఉంటుంది, అది 1.2 కిలోఓమ్, దాంతో 1 ఆంప్ లాగుతుంది. తీసేసి 3 కిలోఓమ్ వేస్తే 400 మిల్లీఆంప్ అవుతుంది. కాంటాక్ట్ దగ్గర పోయే వోల్టేజ్ కరెంటుతో పాటు పెరుగుతుంది, అంటే కరెంటు తగ్గిస్తే మురికి పట్టిన స్క్రూ కూడా పని చేస్తుంది, వేడెక్కదు. రాత్రంతా తొట్టిలోనే కదా ఉండేది, తొందరేం ఉంది.

తొట్టి వైపు షార్ట్‌కి పాలీఫ్యూజ్ (కట్ అయినా మళ్ళీ దానంతట అదే కలిసే ఫ్యూజ్) వెయ్యి, 750 మిల్లీఆంప్ హోల్డ్ (కట్ కాకుండా మోసే కరెంటు) ఉండేది. 500 ది సరిపోతుంది అనిపిస్తుంది గానీ మన ఎండలకి గూట్లో 40 డిగ్రీలు ఉంటే దాని హోల్డ్ తగ్గిపోయి ఊరికే కట్ అవుతుంది. ఇంకా మంచిగా చేయాలంటే తొట్టి అడుగున చిన్న లిమిట్ స్విచ్ పెట్టు, రిమోట్ కూర్చుంటేనే పట్టీలకి కరెంటు వచ్చేట్టు. తాళం చెవులు పడినా ఏమీ కాదు.


చంద్రగిరి_బిట్స్:

వైర్‌లెస్ చార్జింగ్ ఎందుకు వద్దనుకున్నారు? క్యూఐ రిసీవర్ కాయిల్ ఫోన్ల కోసం అమ్ముతారు కదా, దాన్ని డబ్బా లోపల అంటించేస్తే బయట ఒక్క స్క్రూ కూడా అక్కర్లేదు, మొత్తం సీల్ చేసేయొచ్చు. లేకుంటే టైప్ సి పోర్టు, రబ్బరు మూత ఉండేది. యా వైపు పెట్టినా పడతాది, చత్వారానికి అది కూడా మేలే. టైప్ సి వేస్తే సీసీ పిన్నులు (వస్తువు తగిలిందని చార్జర్‌కి చెప్పేవి) రెంటికీ చెరొక 5.1 కిలోఓమ్ రెసిస్టర్ ఉండే బోర్డే కొనండి, అవి లేకుంటే రెండు వైపులా టైప్ సి ఉండే కేబుల్‌తో చార్జ్ ఎక్కదు.


పాకాల_తోట:

వైర్‌లెస్ చూసినా అన్నా, ఒక రిసీవర్ తెప్పించి పెట్టి కూడా చూసినా. మా డబ్బా గోడ 3 మి.మీ. మందం, దానికి తోడు కాయిల్ సరిగ్గా నడుమకి రాకుంటే ఆగిపోతాంది, నాయన పెట్టినప్పుడు రెండు తూర్లలో ఒక తూరి పక్కకి పోయింది. ఇంకోటి, సెల్లు కాయిల్‌కి ఆనుకొనుండాది, అరగంటకే చెయ్యి పెడితే తెలిసేంత వేడి. లిథియం సెల్లుని 45 డిగ్రీలు దాటినాక చార్జ్ చేయకూడదు అంటారు, మా రేకుల ఇంట్లో మే నెల్లో గది వేడే చాలు. టైప్ సి మంచిదే, ఎమర్జెన్సీకి లోపల ఒకటి ఉంచుతా. రబ్బరు మూత మాత్రం నాయన రెండో రోజే పీకేస్తాడు, ఆ సన్న మూతని తీసి పెట్టే ఓపిక ఆ చేతులకి ఉండదు, ఆయన తప్పు కాదు అది.


చిత్తూరు_సర్క్యూట్:

కొత్త పిన్నులే కావాలనుకునేటోళ్ళు ఎవరైనా ఈ చర్చ చదివితే వాళ్ళ కోసం. తిరుపతిలోనూ చిత్తూరులోనూ పోగో పిన్ను అని అడిగితే కౌంటర్ మీద నుంచి తీసిచ్చే అంగడి నాకైతే తగల్లేదు, రేణిగుంట తట్టు ఫ్యాక్టరీలు ఉండాయి గానీ వాళ్ళు మనకి రెండూ మూడూ అమ్మరు. నేను చెన్నై రిచీ స్ట్రీట్ పోయి తెచ్చుకుంటా. రైలైతే సెంట్రల్‌లో దిగి ఆటోలో పోతే దగ్గరే. ఆదివారం పోవద్దు, చానా అంగళ్ళు మూసుంటాయి. మన చిత్తూరోళ్ళకి అరవం వస్తాది కాబట్టి బేరానికి ఇబ్బంది లేదు, పేరు చెప్పడం కన్నా ఒక పాత పిన్ను శాంపిల్ జేబులో పెట్టుకొని పోయి చూపించండి, ఒక అంగట్లో లేకుంటే పక్క సందులో ఎవరి దగ్గర ఉండాదో వాళ్ళే చెప్తారు. కొనేటప్పుడు మూడు చూసుకోండి, తల గుండ్రంగా ఉండాలి, తోక గానీ అడుగున చదునైన ప్యాడ్ గానీ ఉండాలి, వేలితో నొక్కితే ఒకే మెత్తదనంతో పోయి వెనక్కి రావాలి. నొక్కినప్పుడు గరగరమంటే పక్కన పెట్టేయండి. బెంగళూరు దగ్గరయ్యేటోళ్ళకి ఎస్పీ రోడ్డు.


పాకాల_తోట:

మూడు వారాలు అయింది, చేసేసినా. ఎట్ల చేసినానో రాస్తా, ఇంకెవరికన్నా పనికొస్తాదని.

గుజిరీలో రెండు కార్డ్‌లెస్ తొట్లు దొరికినాయి, వేరే వేరే కంపెనీలవి, పట్టీల పొడుగు తేడా. ఒకదాంట్లో నుంచి రెండు, ఇంకోదాంట్లో నుంచి ఒకటి తీసుకున్నా, పొడుగుది నడుమ పెట్టినా, అది మొదటే తాకతాది, తర్వాత మైనస్‌లు. దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

తొట్టికి ప్రింటర్ లేదు నా దగ్గర. తోటలో మిగిలిన నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క నిలువుగా కోసి, పొయ్యి మీద పెనం వేడి చేసి దాని మీద మెత్తబరిచి, రెండు పలకల మధ్య నొక్కితే రేకు మాదిరి వచ్చింది. దాన్ని రిమోట్ చుట్టూ వంచి తొట్టి చేసినా. మొదట నిలువుగా పెట్టినా, అక్క చెప్పినట్టే అయింది, మెత్తటి పట్టీలే అయినా రిమోట్ సగం తేలతా ఉండాది. అప్పుడు తొట్టిని గోడకి వెనక్కి వాల్చి బిగిచ్చినా, పట్టీలు వీపు వైపు కింద భాగంలో ఆనేట్టు, సెల్లు బరువు కూడా ఆ కిందే ఉండాది. రిమోట్ దాని బరువుకే వెనక్కి ఒరుగుతాది, పట్టీలు నొక్కుకుంటాయి. అయస్కాంతం పెట్టలేదు, అవసరం రాలేదు.

రిమోట్ వీపు మీద మూడు ఇత్తడి స్క్రూలు, సెంటీమీటరు దూరం దూరంగా. నికెల్ పూత ఉండేవి దొరకలేదు, ఒట్టి ఇత్తడివే వేసినా. లోపల 1ఎన్5819, రెసిస్టర్ 3 కిలోఓమ్. ఆ 122 రెసిస్టర్ తీసేటప్పుడు ఒక బోర్డు ప్యాడ్ పోగొట్టినా, రెండో బోర్డులో కుదిరింది. తొట్టిలో లిమిట్ స్విచ్, 750 పాలీఫ్యూజ్. మీటరు పెట్టి చూస్తే చార్జర్ దగ్గర 5.08, డయోడ్ దాటినాక బోర్డు కాడ 4.66. రాత్రి పెడితే తెల్లారేసరికి నీలం లైటు, అంటే చార్జ్ నిండినట్టు.

పోయిన ఆదివారం ఇంట్లోనే ఉండి చూసినా. నాయన రాత్రి బువ్వ తిని చెయ్యి కడుక్కొని, తడి చేత్తోనే రిమోట్ ఎత్తి, లైటు కూడా వెయ్యకుండా తొట్టిలో వేసేసినాడు. ఎర్ర లైటు వెలిగింది. నేను లేచి పోయి సరిగ్గా కూర్చుందా అని చూడబోతే, కూర్చుంటాదిలేరా పడుకో అన్నాడు. అమ్మ చెప్పింది, ఈ రెండు వారాల్లో రాత్రి పూట బోరు కాడికి ఒక్క తూరి కూడా పోలేదంట.

ఒక్క సంగతి అడగాల. ఇత్తడి స్క్రూల తలలు అప్పుడే గోధుమ రంగుకి తిరగతా ఉండాయి, చార్జ్ అయితే ఎక్కతా ఉండాది. ఉప్పు కాగితంతో రుద్దేదా, అట్లనే వదిలేదా?


పాత_ఫోన్ల_రిపేరు:

ఉప్పు కాగితం పెట్టొద్దు, గీతలు పడితే ఆ గీతల్లో మట్టి కూర్చుంటాది, ఇంకా బిరీన నల్లబడతాది. పిలకాయలు వాడే పెన్సిల్ రబ్బరు తీసుకొని నెలకొక తూరి రుద్దు, చాలు. పట్టీలకి కూడా అదే. రబ్బరు ముక్క ఒకటి తొట్టి పక్కనే దారంతో కట్టి పెట్టు, మీ అమ్మకి చూపించి రా. నికెల్ స్క్రూలు నా దగ్గర ఉండాయి, పాత మీటరు పెట్టెల్లో నుంచి తీసినవి, ఈ తూరి తిరుపతిలో ఉన్నప్పుడు వచ్చి తీసుకో.